అర్థమైందా?

కొత్త నిబంధన వచ్చాక రాష్ట్రంలో ప్రతి రసాయనపు డ్రమ్మూ తన ప్రమాదాన్ని తానే చెబుతోంది. కార్మికులు “అర్థమైంది” అంటేనే మూత తెరుచుకుంటుంది.

రంగుల ఫ్యాక్టరీలో పైడితల్లి ముందున్న డ్రమ్ము, “శ్వాసకోశ సంవేదనకారకం. అర్థమైందా?” అని అడిగింది.

“లేదు,” అంది పైడితల్లి.

సూపర్‌వైజర్ సన్యాసిరావు పరుగున వచ్చాడు. “అందరూ అనేస్తన్నారు కదా! నువ్వూ అనేయమ్మా.”

“మా అక్క అలాగే అనేసింది బాబూ. ఇప్పుడు మెట్లెక్కలేక రొప్పుతోంది. నాకు తెలిసే మాటల్లో సెప్పమను.”

పక్కనున్న ఆడవాళ్లూ తమ డ్రమ్ములతో “అర్థం కాలేదు” అన్నారు. షెడ్డంతా ఆగిపోయింది.

మధ్యాహ్నానికి మేనేజరు వచ్చి డ్రమ్ముల మాట మార్పించాడు.

“నన్ను పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. మాస్కు లేకుండా మూత తియ్యకు. అర్థమైందా?”

పైడితల్లికి అర్థమైంది. కానీ ఆ మాట పైకి అనలేదు. మేనేజరు వైపు తిరిగింది.

“ముందు మాస్కులు తెప్పించండి బాబూ. అప్పుడంటాం.”