గుచ్చుకోని సూది

గుండుసూది బట్ట దాటి ఆవిడ చీలమండలో దిగబడింది.

ఆవిడ మాత్రం ఫోనులో ఎవరినో తిడుతూనే ఉంది.

కింద పీట మీద కూర్చుని ప్యాంటు అంచు మడుస్తున్న టైలరు మాస్టరు గబుక్కున సూది లాగేశాడు. రక్తపు బొట్టు పైకి తేలింది.

"అమ్మా, గుచ్చుకుంది కదా! నొప్పి తెలియలేదా?"

ఆవిడ కిందికి చూసింది. రక్తం కనబడ్డాకే కేక పెట్టింది.

"చంపేశావు కదయ్యా!"

ఇంతకీ ఈవిడ కారు నడపడం నేర్పే టీచరు. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుంటుంది. అక్కడ ఆవిడ కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నోటికే లేదు.

ఆరు నెలలుగా బరువు తగ్గే ఇంజెక్షన్లు వారానికొకటి చేయించుకుంటోంది. ఇరవై కిలోలు తగ్గింది. ఆ సంగతి షాపంతా టాంటాం వేసింది కూడా ఆవిడే. తగ్గినప్పుడల్లా వదులైన ప్యాంట్లన్నీ పట్టుకొచ్చి మాస్టరు మీద పడుతుంది.

"సూది జారింది, తప్పు నాదే" అన్నాడు మాస్టరు. "కానీ అంత లోతు దిగితే మీరు కిక్కురుమనలేదేంటమ్మా? పాదాలు మొద్దుబారుతున్నాయా?"

"నా పాదాల గొడవ నీకెందుకు?"

"ఆ ఇంజెక్షన్లతో పాటు డాక్టరు విటమిన్ మాత్రలు రాసే ఉంటారు. వేసుకుంటున్నారా?"

రాశాడు. ఈవిడే వేసుకోవడం లేదు. బలం మాత్రలు మింగితే ఆకలి పుట్టి, పోయిన ఒళ్లంతా మళ్లీ వచ్చేస్తుందని ఆవిడ భయం. డబ్బా సీలు కూడా తీయకుండా బీరువాలో పడేసింది. తినేది పూటకి నాలుగు ముద్దలు. అందులో రెండు వాంతి. ఇక ఒంటికి పట్టేదేముంది? చెబితే వినే రకమైతే కదా!

"బలం మాత్రలు మింగి మళ్లీ అందులోకి దూరమంటావా?" అంటూ గోడకేసి చెయ్యి చూపించింది.

గోడ మేకుకి ఓ పాత ప్యాంటు వేలాడుతోంది. ఇద్దరు మనుషులు సుఖంగా పడతారు. షాపుకొచ్చిన ప్రతివాళ్లూ దాన్ని చూసి ఓ నవ్వు నవ్విపోతారు.

"ఏ ఏనుగుకి కుట్టారో మరి!" అంది ఆవిడ.

మాస్టరు నవ్వలేదు.

"అమ్మా, నేను కూడా ఒకప్పుడు..."

"ఏంటి, నువ్వు కూడా ఒకప్పుడు డాక్టరువా? నోర్మూసుకుని నీ పని చూసుకో!"

మాస్టరు టేబుల్ పట్టుకుని లేచాడు. రెండడుగులు వేసి తూలాడు. ఇస్త్రీ బల్లని గుద్దుకున్నాడు.

"ఓహో, అదీ సంగతి! పొద్దున్నే పట్టించి వచ్చాడు. ఓనరు గారూ, ఇలా రండి!"

ఓనరు వచ్చాడు. ఆయనకీ మాస్టరంటే ఒళ్లు మంటే.

"మొన్న మెట్ల మీదా ఇలాగే తూలాడండీ. మిషను తొక్కవయ్యా అంటే తొక్కడు. చేతికుట్టు పని తప్ప ఏదీ ముట్టుకోడు."

"టైలరై ఉండి మిషను తొక్కడా? భలేవాణ్ణి పెట్టుకున్నారు! ఈ తాగుబోతు ఇక్కడుంటే నేనిక మీ గుమ్మం ఎక్కను. మా స్టూడెంట్లనీ ఎక్కనివ్వను."

ఓనరు ఆలోచించలేదు.

"మాస్టరూ, ఇక బయల్దేరు. రేపట్నుంచి రావద్దు."

మాస్టరు బతిమాలలేదు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"ఆ మాత్రలు ఇవాళే మొదలుపెట్టండమ్మా. ఆలస్యం చెయ్యకండి."

"ఇంకా వాగుతున్నాడు చూడండి!" అంది ఆవిడ.

సరిగ్గా పన్నెండు రోజులకి, కొత్త స్టూడెంటు కంగారులో కారుని గోడ మీదికి పోనిచ్చింది.

ఆవిడ తన బ్రేకు తొక్కింది. బలమంతా పెట్టి తొక్కింది. కారు ఆగలేదు.

ఆవిడ తొక్కింది బ్రేకుని కాదు, పక్కన కారు నేల మీద పరిచిన రబ్బరు చాపని. ఆ తేడా ఆవిడ పాదానికి తెలియలేదు. పాపం, ఆ పిల్ల చెయ్యి విరిగింది.

ఆస్పత్రిలో డాక్టరు ఆవిణ్ణి కళ్లు మూసుకోమన్నాడు.

"అరికాల్లో సూదితో గుచ్చుతాను. గుచ్చినప్పుడల్లా చెప్పండి."

ఆవిడ చాలాసేపు ఎదురుచూసింది.

"మొదలుపెట్టండి డాక్టరు గారూ."

"నాలుగుసార్లు గుచ్చానమ్మా."

ఆవిడ కళ్లు తెరిచింది.

"నేను రాసిన విటమిన్లు ఏం చేశారు?" డాక్టరు గొంతు పెంచాడు. "తిండి తగ్గిపోయే మందు కాబట్టే కదా అవి రాసింది! మొదట్లోనే వచ్చుంటే ఈ మొద్దుబారడం తేలిగ్గా పోయేది. ఇప్పుడు నరాలు ఎంతవరకు కోలుకుంటాయో నేను చెప్పలేను. కారు మాట మాత్రం మర్చిపోండి."

చేతికర్ర పట్టుకుని ఆవిడ నేరుగా టైలరు షాపుకి వెళ్లింది.

మాస్టరు లేడు. ఒక నడివయసు మనిషి స్టూలెక్కి గోడ మీది పాత ప్యాంటు తీస్తోంది. మాస్టరు భార్యట. ఆయన కత్తెర అప్పటికే సంచిలో వేసుకుంది.

"మాస్టరు గారు ఎక్కడున్నారమ్మా?" అడిగింది ఆవిడ.

"ఇంట్లో కూర్చున్నాడు. జన్మలో చుక్క ముట్టని మనిషిని పట్టుకుని ఎవరో మహాతల్లి తాగాడందట. ఆ నోరు పడిపోను! ఇప్పుడు ఏ షాపువాడూ గుమ్మంలోకి కూడా రానివ్వట్లేదు."

ఆవిడ ఇస్త్రీ బల్లకేసి చూసింది.

"మరి... ఎందుకు తూలేవారు?"

మాస్టరు భార్య స్టూలు దిగి, ఆవిడ చేతికర్ర వైపు ఒకసారి చూసి, ప్యాంటుని మడతపెట్టింది.

"ఎవరైనా ఇదెవరిదని అడిగితే చెబుదామని ఆయనే ఇక్కడ తగిలించాడమ్మా. అందరూ నవ్వారే గానీ ఒక్కరూ అడగలేదు."

"ఎవరిది?"

"మా ఆయనదే. సన్నబడే ఇంజెక్షన్లు చేయించుకుంటూ, బలం మాత్రలు మింగితే మళ్లీ ఇందులోకే రావాల్సొస్తుందని భయపడి అన్నీ చెత్తబుట్టలో పడేశాడు. అప్పట్నుంచీ ఆయన కాళ్లకి నేల తెలియదు."