తేట నీళ్లు

అద్దకం మిల్లు నీళ్లు రెండు తొట్లు దాటి కాలువలో పడాలి. మొదటి తొట్టిలో బాక్టీరియా రంగును విరగ్గొడుతుంది. ఆ ముక్కలకు రంగుండదు, విషం మాత్రం ఉంటుంది. రెండో తొట్టిలో గాలి కొడితే ఇంకో రకం బాక్టీరియా వాటిని తినేస్తుంది. గాలి కొట్టే మోటారు ఇంకా రాలేదు.

తనిఖీ అధికారి గ్లాసెత్తి వెలుగులో చూశాడు. “తేటగా ఉన్నాయే!” అని సంతకం పెట్టాడు.

తొట్ల ఆపరేటరు నోరు మెదపలేదు. మెదిపితే మిల్లు మూస్తారు.

ఇంటికి రాగానే అక్క నీళ్లిచ్చింది. గటగటా తాగేశాడు.

“నీ బాక్టీరియా కడుపు చల్లగుండ! కాలువ తేటపడిందిరా తమ్ముడూ. ఇక బిందెతో మైలు నడవక్కర్లేదు. పిల్లలూ వారం నుంచి ఇవే తాగుతున్నారు. ఇంకో గ్లాసు ఇవ్వనా?”