పది అడుగులు

"పది అడుగులు వెయ్యరా అంటే వెయ్యవేం?"

అక్క అరిచిన అరుపుకి సర్వే ఆఫీసులో పక్క టేబుల్ దగ్గర ప్లాను గీస్తున్న మనిషి తలెత్తి చూశాడు. ఆమె ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మ్యాపు పరుస్తోంది. అవతల మాట్లాడుతున్నది తమ్ముడు. వ్యాన్ డ్రైవరు. చిన్నప్పటి నుంచీ ఇంట్లో వాడి పేరు నత్త.

ఇసుకగాలికి వ్యాన్ మీది టార్పాలిన్ ఎగిరిపోయిందట. దాని వెనకే పరిగెత్తాడట. గాలి ఆగి చూసుకుంటే చుట్టూ ఒకటే బయలు. రోడ్డు లేదు, వ్యాన్ లేదు, తను వచ్చిన అడుగుల జాడ కూడా లేదు. మంచినీళ్ల సీసా వ్యాన్‌లోనే ఉండిపోయింది. ఫోన్‌లో ఛార్జింగ్ పదకొండు శాతం. ఇంకో గంటన్నరలో పొద్దు గూకుతుంది.

"నువ్వెక్కడున్నావో శాటిలైట్ చెప్తుంది గానీ, ఎటు తిరిగి నిలబడ్డావో దానికేం తెలుసురా? కదిలితేనే బాణం సరైన దిక్కుకి తిరుగుతుంది. ఎటో ఒకవైపు పది అడుగులు వెయ్యి, చాలు."

"నడవకుండా చెప్పక్కా."

"కాళ్లకి మేకులు కొట్టారా ఎవరైనా?"

వాడు నవ్వలేదు. మామూలుగా అయితే ఆమె మాట పూర్తికాకముందే నవ్వేవాడు.

"సరే, ఫోన్‌లో దిక్సూచి తెరువు. గాల్లో ఎనిమిది అంకె రాసినట్టు తిప్పు. కవరుకి అయస్కాంతం ఉంటే ఊడదియ్యి."

"అన్నీ చేశా. ముల్లు పిచ్చెక్కినట్టు ఊగుతోంది. కింద ఇనుముంటే అలా ఊగుతుందా అక్కా?"

"బయల్లో ఇనుమేంటిరా? టార్పాలిన్ అయినా దొరికిందా?"

"దొరికింది. ఒక కర్రకి చుట్టుకుంది."

"ఇంకేం! ఆ కర్ర నీడ ఎటు పడిందో చూడు."

"కర్ర వంగిపోయింది."

"పీకి నిటారుగా పాతు."

"పీకను."

అక్కకి ఒళ్లు మండిపోయింది. "నడవమంటే నడవవు, పీకమంటే పీకవు. నేనొచ్చి చంకనెత్తుకోవాలా?"

"నువ్వు రాకు!" గట్టిగా అరిచాడు. వెంటనే గొంతు దించేశాడు. "అక్కా, నీకు దండం పెడతా. తర్వాత ఎన్ని తిట్లైనా తిట్టు. ఇప్పుడు మాత్రం లెక్క చెప్పు. నేనొచ్చిన దారినే వెనక్కి పోవాలి. ఒక్క డిగ్రీ తేడా రాకూడదు."

"రాకెట్ వదుల్తున్నావా?"

అంది గానీ, కుర్చీ లాక్కుని కూర్చుంది. కంగారు పడితే అక్కకి కూడికలు కూడా రావన్నది ఇంట్లో పాత సామెత. పెద్ద పరీక్షలన్నిటికీ ఆమెని సైకిల్ మీద ఎక్కించుకుని, కంగారు పడకుండా గేటు దాకా జోకులు చెప్తూ దించింది ఈ నత్తే. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది ఆమె ఒక్కతే. ఆమె తొక్కాలనే వాడు బడి మానేసి లారీ క్లీనరుగా ఎక్కాడు.

వ్యాన్ ఆపినప్పుడు ఓనరుకి పంపి, ఇప్పుడు తమ్ముడు ఆమెకీ పంపిన లొకేషన్ ఒక చుక్క. ఇప్పుడు నిలబడిన చోటు ఇంకో చుక్క. అక్క రెంటినీ కలిపి గీత గీసింది.

"వ్యాన్ ఉత్తరం నుంచి తూర్పుకి ఇరవై ఆరు డిగ్రీల మీద ఉంది. మూడు వందల మీటర్లు. శాటిలైట్ చుక్క కదా, ఓ ఐదు మీటర్లు అటూ ఇటూ అవుతుందనుకో."

"ఐదు మీటర్లా?"

"అంత వ్యాన్ కంటికి ఆనదా ఏంటి?"



వాడున్న చోట ఆ నిమిషానికి సూర్యుడెక్కడుంటాడో కంప్యూటర్‌లో రాబట్టింది. మళ్లీ సరిచూసింది.

"టార్పాలిన్ దారం ఒకటి లాగు. తాళంచెవి కట్టి, కొస పళ్ల మధ్య పట్టుకుని వేలాడదియ్యి. కింద అరచేతిలో బిల్లు కాగితం పెట్టు. దాని మీద దారం నీడ చూపించే దిక్కు అరవై డిగ్రీలు. ఇప్పుడు చెయ్యి బారుగా చాపు. పిడికిలి వెడల్పు పది డిగ్రీలు, బొటనవేలు రెండు. నీడ నుంచి ఎడమకి మూడు పిడికిళ్లు, రెండు బొటనవేళ్లు. అక్కడేం కనిపిస్తోంది?"

పిడికిళ్లు కొలుచుకుని అన్నాడు. "తెల్లరాయి."

"దాని మీంచి చూపు తిప్పకుండా నడు. నీడ ఫొటో కూడా ఒకటి పంపు, సరిగ్గా పట్టావో లేదో నేనూ చూస్తా."

"ఇందాకే తీశా. పంపిస్తున్నా. అక్కా, చిట్టికి బూట్లు కొన్నాను. వ్యాన్‌లో సీటు కింద ఉన్నాయి."

"నీ కూతురికి నువ్వే తొడుగు. నాకెందుకు చెప్పడం?"

"ఊరికే."

ఫొటో తెరుచుకోవడం లేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"ఒకటి," అన్నాడు వాడు.

ఎంతసేపటికో, "రెండు."

"పెళ్లిపీటల మీదికి వస్తున్నావా, ఏంటా నడక? పొద్దు పోతోంది, పరిగెత్తరా నత్తా!"

"మూడు."

చక్రం ఆగి ఫొటో విచ్చుకుంది: అరచేతిలో బిల్లు, దాని మీద స్కేలు పెట్టి గీసినట్టు దారం నీడ, వెనక సగం జారిన టార్పాలిన్ కింద వంగిన కర్రకి కొట్టిన రేకు, ఆ రేకు మీద పుర్రె బొమ్మ, బొమ్మ కింద రెండే రెండు మాటలు, "జాగ్రత్త, మందుపాతరలు."