మొదటి పేజీ

"ఆ కుర్చీ నాది. లేవండి" అన్నాడు లైల్.

మంచుకు తడిసిన బూట్లతో వచ్చి కూర్చున్న ముసలామె పక్క కుర్చీలోకి జరిగింది. పేరు వెల్మా కోస్కీ అని చెప్పింది.

అమెరికాలోని డులూత్ ఊరి లైబ్రరీ కింది గదిలో ప్రతి శనివారం పొద్దున లైల్ ప్రుయెట్ కవిత్వం నేర్పుతాడు. పదకొండేళ్ల క్రితం ఒకే ఒక్క పుస్తకంతో దేశమంతా పేరు తెచ్చుకున్నవాడు. రెండోది ఇన్నాళ్లకు పూర్తయింది. సోమవారం ప్రచురణకర్తకు పంపాలి. ఇది పోతే అతన్ని తలుచుకునేవాళ్లుండరు.

అక్కడ పద్ధతి ఒకటే. కవితలు పేర్లు లేకుండా పంచుతారు. అందరూ మాట్లాడేదాకా రాసినవాళ్ల నోటికి తాళం.

ఆ రోజు లైల్ తన కొత్త పుస్తకంలోని మొదటి కవితనే గుట్టుగా కలిపేశాడు.

"ఎంత బాగుందో" అంది ఉత్తరాలు పంచే డార్లీన్. మిగతావాళ్లూ తలలూపారు.

వెల్మా కళ్లద్దాలు తీసింది. "మొదటి పేజీ నిండా గొప్పలే. కవిత రెండో పేజీలో మొదలైంది."

కవులకు వినయం నేర్పే బడి ఇంకా ఎవరూ పెట్టలేదు. లైల్ తన నియమం తానే మర్చిపోయాడు.

"మీవి ఎన్ని పుస్తకాలొచ్చాయేంటి?"

"ఒక్కటీ లేదు. చదవడమే నా పని."

"చదివేవాళ్లు ఊరినిండా ఉన్నారు. రాసేవాళ్ల నెత్తికెక్కకండి. వచ్చే శనివారం ఇంట్లో కూర్చుని స్వెటర్ అల్లుకోండి."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"సరే బాబూ." తను దిద్దిన కాగితాలు బోర్లా పెట్టి ఆమె వెళ్లిపోయింది.

"పీడ వదిలింది" అంటూ లైల్ వాటిని చూడకుండానే సొరుగులో పడేశాడు.

మే నెలలో రాతప్రతి తిరిగొచ్చింది. వెంట ఒక ఉత్తరం.

"మీ మొదటి పుస్తకాన్ని మేమంతా వద్దన్నాం. మాకొచ్చే రాతప్రతులు చదివిపెట్టే రీడర్ ఒకావిడ చెత్తబుట్టలోంచి తీసి, మొదటి పేజీ చించేసి, మాతో పోట్లాడి వేయించింది. పోయిన నెల ఆవిడ చనిపోయింది. ఇక మీకోసం పోట్లాడేవాళ్లు ఇక్కడ లేరు."

మొదటి పేజీ అన్న మాట దగ్గర లైల్ ఆగిపోయాడు. లైబ్రరీ కింది గదికి పరిగెత్తి సొరుగు లాగాడు.

మొదటి పేజీకి అడ్డంగా ఆకుపచ్చ పెన్సిల్ గీత. దాని కింద రెండు ముక్కలు: "పోయినసారి నేను చించాను బాబూ. ఈసారి నువ్వే చించుకో."