తప్పు చెప్పినా శభాష్

మార్చి పదకొండు. కోడలికి బాగా గుర్తు. ఆ రోజు అటక సర్దడంతో వంట చేసే తీరిక లేక ముగ్గురూ బ్రెడ్డు, అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు. సాయంత్రం భర్త ప్రింటింగ్ ప్రెస్‌లో సెకండ్ షిఫ్టుకి వెళ్ళిన కాసేపటికి మామగారి గది తలుపు మూసుకుంది.

మూసిన తలుపు వెనక ఆడగొంతు.

“ఫిలో అంటే?”

కాస్త నిశ్శబ్దం.

“ప్రేమ,” మామగారి జవాబు.

“శభాష్!”

కోడలు టీ కప్పు పక్కన పెట్టి చెవులు రిక్కించింది. ఫోనేమో అనుకుంది. ఆయన ఫోను హాల్లో చార్జింగుకి పెట్టి ఉంది. ఆ గదికి వెనక వీధిలోకి ఇంకో తలుపుంది. అనుమానం అటు మళ్ళింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

“లోపల ఎవరు మామయ్యగారూ?” అడిగేసింది.

“ఎవరున్నారమ్మా? ఇంగ్లీషు మాటలకి గ్రీకు మూలాలు నేర్చుకుంటున్నా,” అంటూ ఆయన కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడ్డారు.

రాత్రి భర్త చెవిన వేసింది.

“నేర్చుకోనీవే. నీకేం పోయింది?”

“డెబ్బై ఏళ్ళకి ఏ ఇంటర్వ్యూకట? చూస్తూ ఉండండి, నాకో కొత్త అత్తగారిని తెస్తారు మీ నాన్న. అత్తపోరు లేని ఇల్లని మురిసిపోయి చేసుకున్నాను మిమ్మల్ని!”

అతను నవ్వేశాడు. ఆమెకు నవ్వు రాలేదు. తను మందుల షాపు నుంచి అలిసి వచ్చేసరికి టీ పెట్టి ఉంచే మనిషి ఆయన. ఆ మంచితనం చూసే ఎవత్తో వల వేసింది. రేపు ఇల్లంతా ఆవిడ చేతుల్లోకి పోతే తమ గతేంటి?

గురువారం తలుపుకి చెవి ఆనించింది.

“కార్డియా అంటే?”

“మోకాలు!” మామగారి గొంతులో కొంటెతనం.

“శభాష్! సరిగ్గా చెప్పారు.”

మందుల షాపు నడిపే తనకి కార్డియా అంటే గుండె అని తెలియదా? తప్పు చెప్పినా శభాష్ అందంటే అది చదువు కానే కాదు. పైగా చివర్లో, “రేపు ఆలస్యం చేయకండేం!” అంటూ గారం ఒకటి.

ఒళ్ళు మండిపోయింది. వెనక తలుపుకి వేయడానికి తాళంకప్ప కొంది. మర్నాడు భర్త చేత సెలవు పెట్టించింది.

“ఇవాళ మీ చెవులతో మీరే వినండి.”

తలుపు ఓరగా తెరిచి ఇద్దరూ తొంగి చూశారు. మామగారు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. గదిలో ఇంకెవరూ లేరు. బల్ల మీద, మొన్నటిదాకా అటక మీదున్న పాత టేప్ రికార్డర్ తిరుగుతోంది.

“టెలీ అంటే?”

“దూరం.”

“ఫోన్ అంటే?”

“గొంతు.”

“రెండూ కలిపితే?”

ఆయన పెదవి విప్పలేదు. జవాబు కోసం వదిలిన ఖాళీ గడిచిపోయింది.

“శభాష్!” అంది టేపు.

“ఓస్, క్యాసెట్టా!” కోడలు గుసగుసగా అంది. గుండె తేలికపడింది. “ఎవరో టీచరమ్మ పాఠానికి ఇంత గుట్టెందుకండీ?”

భర్త ఆమె చేతిలోని తాళంకప్ప తీసుకుని జేబులో వేసుకున్నాడు.

“కొత్త అత్తగారు కాదే, నువ్వెప్పుడూ గొంతు వినని మీ పాత అత్తగారే,” అంటూ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.