ఒకడికి ఒకడు

"ఇవాళ నువ్వు ఆడటం లేదు," అన్నాడు కోచ్ బ్రాంట్. బూట్ల లేసులు బిగిస్తున్న లూషియస్ ముఖంలోకి మాత్రం చూడలేదు.

"నాకు దెబ్బేం తగల్లేదే, కోచ్!"

"దెబ్బ కాదు. నల్లవాడు మైదానంలో ఉంటే దక్షిణాది నుంచి వచ్చిన జార్జియా కాలేజీ వాళ్ళు ఆటకి దిగరట. మన కాలేజీ వాళ్ళు సరేనన్నారు. బదులుగా వాళ్ళు కూడా తమ మేటి ఆటగాడు డ్వైట్ కాల్డర్‌ని పక్కన పెడుతున్నారు. ఒకడికి ఒకడు. పెద్దమనుషుల ఒప్పందం."

పెద్దమనుషులట, పెద్దమనుషులు! ఒహాయోలోని ఆ కాలేజీ జట్టులో అడుగుపెట్టిన మొదటి నల్లవాడు లూషియస్ టోల్బర్ట్. పరుగుపందెం, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్, ఫుట్‌బాల్... అతను తెచ్చిన కప్పులతోనే ఆఫీసులో అద్దాల బీరువా నిండింది. కప్పులు పుచ్చుకునేటప్పుడు ఏ పెద్దమనిషికీ అతని రంగు అడ్డం రాలేదు.

"మా అమ్మ వచ్చింది, కోచ్. లాండ్రీలో సెలవియ్యక ఇన్నేళ్ళలో నా ఆట ఒక్కటీ చూడలేదు. కాలేజీలో ఇదే నా ఆఖరి ఆట. ఇవాళ కూడా చూడకుండానే పొమ్మంటారా ఆవిణ్ణి?"

"నా చేతుల్లో ఏముంది నాయనా?"

"టీము మొత్తం మీ చేతుల్లోనే ఉంది! సిగ్గు లేదూ మీకు?"

కోచ్ ముఖం ఎర్రబడింది. "బెంచీ మీద కూడా కనబడొద్దన్నారు. ఈ గదిలోనే ఉండు," అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

లూషియస్ బూటు ఊడబెరికి గోడకేసి కొట్టాడు. బయట కేకలు మొదలయ్యాయి. అమ్మ ఈపాటికి ప్రతివాడి వీపు మీదా కొడుకు నెంబరు కోసం వెతుక్కుంటూ ఉంటుంది.

తలుపు మెల్లగా తెరుచుకుంది. జార్జియా జెర్సీ వేసుకున్న తెల్లటి కుర్రాడు లోపలికొచ్చాడు. "నేను కాల్డర్‌ని," అన్నాడు.

"ఏం, చూసి నవ్వి పోదామని వచ్చావా?"

"నేనూ ఆడటం లేదుగా."

"అయ్యో పాపం! వచ్చే వారం ఆడతావులే. మీ ఊళ్ళో నిన్ను భుజాల మీద మోస్తారు. నీకు పోయింది ఒక్క పూట. నాకు పోయిందేమిటో నీకేం తెలుసు?"

"తెలుసు. మీ అమ్మ వచ్చింది."

లూషియస్ ఒక్క ఉదుటున లేచి అతని గొంతు దగ్గర జెర్సీ పట్టుకుని గోడకు అదిమాడు. "మా అమ్మ సంగతి నీకెవడు చెప్పాడ్రా? ఇంకోసారి ఆవిడ ఊసెత్తావంటే పళ్ళు రాలగొడతా!"

కాల్డర్ చెయ్యెత్తలేదు. తలుపు మూసుందో లేదో ఓరగా చూసుకున్నాడు. గొంతు బాగా తగ్గించాడు.

"ఎవరూ చెప్పలేదు. నల్లవాళ్ళని కూర్చోబెట్టే చివరి వరసలో ఉంది. 'మా లూషియస్ ఏడీ' అని అందరినీ అడుగుతోంది. అట్టపెట్టెలోంచి కోడి వేపుడు తీసి పక్కనున్న ఇంకో నల్లావిడకి పెడుతోంది. నేను అటు రెండోసారి చూడకూడదు. మా టీము వాళ్ళు కనిపెట్టారంటే నా బతుకు బుగ్గయిపోతుంది."

"అటు చూస్తే నీకేం పోతుందిరా?"

"ఆ పక్కావిడ మా అమ్మ."