దర్వాజ మీది మూట

గోడ ఇంకా గాలిలోనే ఉంది.

క్రేన్ కొక్కేనికి వేలాడుతూ మెల్లగా కిందికి దిగుతోంది. దర్వాజ చౌకట్టుతో సహా పోసిన ముందు గోడ అది.

"ఆపుండ్రి" అన్నది మల్లవ్వ.

చౌకట్టు నడినెత్తిన పసుపు, కుంకుమ. దానికి కట్టి చిన్న గుడ్డ మూట.

క్రేన్ ఆగింది. మల్లవ్వ కోడలు పద్మశ్రీ చంకలోని సన్నీని గుండెకు అదుముకుంది.

నారపల్లి వెంచర్‌లో మూల మీది ప్లాటు వాళ్ళది. ఇల్లు మాత్రం నాచారంలో తయారవుతోంది. అక్కడి ఫ్యాక్టరీలో గోడలు అచ్చుల్లో పోస్తారు. ట్రైలర్ మీద ఉప్పల్ దాటించి తెచ్చి, ఇక్కడ క్రేన్‌తో నిలబెడతారు. ఇటుక లేదు, ఇసుక కుప్ప లేదు.

దర్వాజ ఎత్తే పూజా లేదు. పద్మశ్రీకి అదే బెంగ.

ఎవరి ఇంటికైనా ముందు చౌకట్టు నిలబెట్టి, పసుపు పూసి, గింజల మూట కట్టి మొక్కుతారు. గోడలు ఆ తర్వాతే. ఇక్కడ గోడా దర్వాజా ఒకే అచ్చులో పుడుతున్నాయాయె. ఆ మాటంటే మొగుడు జీవన్ నవ్వేశాడు. ఇంకా నయం, కాంక్రీటు మిక్సర్‌కు కంకణం కట్టమనలేదన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. రామంతాపూర్ కిరాయింట్లో ఉన్నప్పుడు మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ కడప అచ్చిరాలేదన్నారు అందరూ. ఇప్పుడు సన్నీని పసుపు చుక్క సోకని కడప ఎట్లా దాటించాలి?

మొగుడు వినకపోతే ఆ దిగులంతా వెంచర్ వాచ్‌మన్ చెన్నయ్యకు చెప్పుకునేది. ప్లాటుకు వచ్చినప్పుడల్లా చెప్పేది. ముసలాయన తలూపేవాడు, అంతే.

మల్లవ్వ క్రేన్ ఆయనతో మూట విప్పించింది. ఏదో పాత చీర పేలిక. లోపల జొన్నలు. పురుగు తొలిచి, బోలుబోలుగా, పొడి రాలుతూ.

"మన చేత్తోని కట్టుకుంటే మంచికి. ఎవరో కట్టిపోయిన్రంటే దేనికనుకోవాలె?" అన్నది మల్లవ్వ. "అండ్ల గింజలు జూడు, పుచ్చినయి."

పద్మశ్రీకి చప్పున గుర్తొచ్చింది.

గోడలు చూద్దామని నాచారం పోయిన రోజు, అక్కడ అచ్చులు తుడుస్తున్న ఒక ముసలామె. కొంగు మీద హెల్మెట్. చేతిలో పని వదిలేసి వాళ్ళ వెంటే తిరిగింది. నారపల్లిలో మూల మీది ప్లాటు మీదేనా బిడ్డా అని అడిగింది. సన్నీ బుగ్గ తాకింది. ఎత్తుకుంటానని చేతులు చాపింది. పద్మశ్రీ ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే సన్నీకి జ్వరం.

"గామెనే" అంది పద్మశ్రీ. "పిల్లగాని మీద కన్నేసింది గామెనే. గా గోడ నాకొద్దు."

జీవన్‌కు ఇట్లాంటి పట్టింపుల్లేవు. కానీ పెళ్ళాం భయం చూసి ఫ్యాక్టరీకి ఫోన్ కొట్టాడు. అందరూ వినేటట్టు స్పీకర్ పెట్టాడు. మేనేజర్ అంతా చల్లగా విన్నాడు.

"గోడ మార్చుడు కాదు సార్. మనిషినైతే మారుస్తం."

రేపటి నుంచి ఆమె గేటు లోపల కనబడదని మాటిచ్చాడు.

పద్మశ్రీ గుండె కుదుటపడింది. చౌకట్టును సర్ఫు నీళ్ళతో కడిగించాక గోడ దిగింది.

విప్పి కింద పడేసిన మూట ముట్టడానికి మాత్రం ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు. పొలిమేర అవతల పారేసి రమ్మని చెన్నయ్యకు పురమాయించారు. ఆయన అప్పటిదాకా అక్కడే, గేటు పక్కనే నిలబడి ఉన్నాడు. వచ్చి, వంగి, మట్టిలో రాలిన గింజలు కూడా ఏరడం మొదలుపెట్టాడు. ఏరుడెందుకు, ఊడ్చి పడేయక అని మల్లవ్వ కసిరింది. అయినా ఆయన అన్నీ ఏరి తువ్వాల కొసకు ముడేసుకున్నాడు.

ఇంటి పని అయింది. గృహప్రవేశం నాడు సన్నీ ఆ కడప మీదే కూర్చుని గిలక్కాయ ఆడించాడు. వచ్చిన చుట్టాలంతా గోడలు తట్టి చూసి మెచ్చుకున్నారు.

చెన్నయ్య లోపలికి రాలేదు. పద్మశ్రీయే విస్తరి పట్టుకుని గేటు దగ్గరికి పోయింది.

"ఇంట్ల అవ్వను తోల్కరాకపోతివి తాతా?"

"రానన్నది బిడ్డా."

"ఏమైంది?"

"పనిల నుంచి తీసేసిన్రు. నాచారంల."

విస్తరి పద్మశ్రీ చేతిలోనే ఉండిపోయింది.

చెన్నయ్య గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. తప్పు తనదేనన్నాడు. దర్వాజ పూజ లేదని ఆ పిల్ల ఒకటే ఫికర్ చేస్తున్నదని ఇంట్లో నోరు జారింది తనేనట. ఆయన పెళ్ళాం బాలనర్సమ్మ ఆ మాట పట్టుకుని, గోడ ట్రైలర్ ఎక్కకముందే పసుపు పూసి, మొక్కి, మూట కట్టిందట.

"గానాడే చెప్పకపోతివి?" అంది పద్మశ్రీ.

"చెప్తే నా పని గూడ పోతుండె బిడ్డా."

లోపలి నుంచి సన్నీ నవ్వు వినిపించింది. ఎక్కడో ఒకచోట బాలనర్సమ్మదీ ఇంత తప్పుంటే బాగుండుననిపించింది పద్మశ్రీకి.

"మరి పుచ్చిన గింజలెందుకు కట్టింది తాతా? మంచియి దొరకలేదా?"

చెన్నయ్య తువ్వాల కొస తడుముకున్నాడు. ముడి ఇంకా అట్లాగే ఉంది.

"మంచియి దుకాణంల మస్తు దొరుకుతయి బిడ్డా. గీ ఇల్లున్న జాగ మా చెల్క ఉన్నప్పుడు, ఆఖరుసారి పండిన జొన్నలల్లకెల్లి ఇత్తనానికని ఆమె దాసుకున్నయి గవి."